విన్నారు, రాసుకున్నారు, మరి జవాబు? విశాఖ విధాన నిర్ణేతలకు బహిరంగ లేఖ

విశాఖపట్నం జిల్లా ప్రజాప్రతినిధులకు, మహా విశాఖ నగరపాలక సంస్థ పాలకవర్గానికి, కమిషనర్ గారికి, విశాఖపట్నం మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ అధికారులకు, జిల్లా యంత్రాంగానికి నమస్కారాలతో రాస్తున్న లేఖ.

ప్రతి సోమవారం కలెక్టరేట్‌లోనూ నగరపాలక సంస్థ కార్యాలయంలోనూ ప్రజా సమస్యల పరిష్కార వేదిక నడుస్తుంది. పింఛను ఆగిపోయినవారు, స్థలం హద్దు తగాదా ఉన్నవారు, ఇంటి ముందు మురుగు కాలువ పొంగుతున్నవారు వరుసలో నిలబడి అర్జీలు ఇస్తారు. ఆ అర్జీకి ఒక నంబరు పడుతుంది, అది సంబంధిత శాఖకు వెళుతుంది, పరిష్కారానికి ఒక గడువు ఉంటుంది, ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కునే వీలూ ఉంటుంది. ప్రభుత్వం మారినప్పుడల్లా ఈ కార్యక్రమం పేరు మారుతూ వచ్చినా, ఏ ప్రభుత్వమూ దీన్ని ఎత్తివేయలేదు. లోపాలున్నా ఇది మంచి ఏర్పాటేనని ఒప్పుకోవాలి. అయితే అదే పౌరుడు పొంగుతున్న కాలువ గురించి కాకుండా, రేపు ఆ కాలువను ఏ దారిన మళ్లించబోతున్నారన్న పథకం గురించి ఒక మాట చెప్పదలచుకుంటే, ఆ మాటకు నంబరు ఉండదు, గడువు ఉండదు, చాలాసార్లు జవాబు కూడా ఉండదు. కష్టం చెప్పుకోవడానికి వచ్చినవాడికి కుర్చీ వేసే వ్యవస్థ, ఆలోచన చెప్పడానికి వచ్చినవాడిని ఎందుకు అనుమానంగా చూస్తుందన్నదే ఈ లేఖలో నేను అడుగుతున్న ప్రశ్న.

నా కోరిక పెద్దది కాదు. ప్రజలు చెప్పినదల్లా ప్రభుత్వం చేసి తీరాలని నేను అనడం లేదు. పదిమంది పది రకాలుగా చెబుతారు. అందరి మాటా నెగ్గడం ఎక్కడా సాధ్యం కాదు, చివరి నిర్ణయం తీసుకునే బాధ్యత ఎన్నికైన మీదే. కానీ ఒక ముసాయిదా మీద అభ్యంతరాలు పిలిచినప్పుడు, వచ్చిన ప్రతి అభ్యంతరానికీ, తుది నిర్ణయం వెలువడక ముందే, ఒప్పుకుంటే ఎందుకు ఒప్పుకున్నారో, తోసిపుచ్చితే ఎందుకు తోసిపుచ్చారో రాతపూర్వకంగా, తెలుగులో, అందరికీ కనబడేలా చెప్పాలి. నేను అడిగేది ఇంతే. ఇది ఇప్పుడున్న చట్టాలకు కొత్తది కూడా కాదు. సమాచార హక్కు చట్టం 2005లోనే, నాలుగో సెక్షన్‌లో, ప్రజలపై ప్రభావం చూపే ముఖ్యమైన విధానాలు రూపొందించేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ ప్రకటించాలనీ, పరిపాలనాపరమైన నిర్ణయాలకు కారణాలను వాటివల్ల ప్రభావితులయ్యే వారికి తెలపాలనీ రాసి ఉంది. ఎవరూ అడగకుండానే చేయవలసిన పని అది. సమాచార హక్కు అనగానే పది రూపాయల రుసుముతో పెట్టుకునే దరఖాస్తు ఒక్కటే గుర్తొచ్చే స్థితికి మన కార్యాలయాలు చేరుకున్నాయి గానీ, చట్టం అసలు ఉద్దేశం ఆ దరఖాస్తు అవసరమే రాకుండా చేయడం.

ఇక్కడ ఒక ప్రజాభిప్రాయ సేకరణను కాస్త దగ్గరగా చూపించనివ్వండి. కొన్నేళ్ల కిందట సముద్ర తీరానికి దగ్గరలో ఒక పరిశ్రమ విస్తరణపై జరిగిన సభకు నేను వెళ్లాను. అది ఏ పరిశ్రమో ఈ లేఖకు అవసరం లేదు. శామియానా కింద ముందు వరసల్లో సోఫాలు, వాటి వెనుక ప్లాస్టిక్ కుర్చీలు, ఆ వెనుక తాళ్లు కట్టి పోలీసు బందోబస్తు. ఉదయమే బస్సుల్లో వచ్చిన కొందరు మధ్య వరసలు నింపేశారు. మైకు దగ్గరకు వచ్చిన ఒక మత్స్యకార మహిళ, గొట్టం ద్వారా సముద్రంలోకి వదిలే నీరు తీరానికి ఎంత దూరంలో పడుతుందనీ, గాలి తిరిగే నెలల్లో ఆ నీరు ఒడ్డుకు కొట్టుకొస్తే పెద్ద వలకు చేప పడదనీ, ఆ మాట ఎవరైనా లెక్కలోకి తీసుకున్నారా అనీ అడిగింది. దూరం గురించి, రుతువు గురించి, ప్రవాహం గురించి ఇంత సూటిగా అడిగినవారు ఆ రోజు ఇంకెవరూ లేరు. సభ ముగిసేసరికి జనం సగానికి పైగా వెళ్లిపోయారు. సభలో జరిగినదంతా రాసుకున్న మినిట్స్ చదివినప్పుడు ఆమె ప్రశ్న ‘ఒక మహిళ పర్యావరణంపై ఆందోళన వ్యక్తం చేశారు, స్థానికులకు ఉపాధి కల్పించాలని కోరారు’ అనే రూపంలో వినిపించింది. ఉపాధి మాట ఆమె ఎత్తనేలేదు. యాజమాన్యం సమాధానం గడిలో ‘నిబంధనల ప్రకారం చర్యలు తీసుకుంటాం’ అని రాసి ఉంది.

ఆ సభలో నిబంధనల ఉల్లంఘన జరిగిందని చెప్పలేను. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కోరినవన్నీ కాగితం మీద ఉన్నాయి. ముప్పై రోజుల ముందు ప్రకటన వచ్చింది, కలెక్టరేట్ నుంచి వచ్చిన ఉన్నతాధికారి అధ్యక్షత వహించారు, వీడియో తీశారు, స్థానిక భాషలో మినిట్స్ చదివారు. ఆ నోటిఫికేషన్ ప్రకారం ఇంతమంది రావాలన్న కోరం కూడా లేదు కాబట్టి, ఎంతమంది వెళ్లిపోయినా సభ చెల్లుతుంది. లోపం ఉన్నది ఆ రాసుకోవడంలో. ఒక మనిషి వేసిన ప్రశ్నను ‘ఆందోళన’గా మార్చిన క్షణంలో దానికి సమాధానం చెప్పవలసిన అవసరం పోతుంది, ఎందుకంటే ప్రశ్నకు జవాబు కావాలి గానీ ఆందోళనకు ఓదార్పు సరిపోతుంది. ఇది ఆ రోజు రాసుకున్న ఉద్యోగి దురుద్దేశం అనుకోను. ఇలాంటి సభలకు వచ్చేవారికి తెలిసేదేమీ ఉండదనీ, వారికి కావలసినది భరోసానో, పరిహారమో, ఉద్యోగమో మాత్రమేననీ పైనుంచి కింది దాకా నాటుకుపోయిన ఒక నమ్మకం ఆయన చేత అలా రాయించింది.

ఆ నమ్మకం ఖరీదు ఎంతో తెలుసుకోవడానికి ఈ నగరం వేరే ఊరి వైపు చూడనక్కర్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరిన్ అనే రసాయనం ఆవిరి ఊరి మీద పడినప్పుడు పన్నెండు మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. ప్రమాద సమయంలో సైరన్ మోగలేదని రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. తడిగుడ్డ ముఖానికి కట్టుకుని గాలికి అడ్డంగా పక్కకు పోవాలన్న పాటి సంగతి కూడా ఊరిలో చాలామందికి ముందుగా తెలియదు. నిజానికి ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతులపై 1989లో వచ్చిన నిబంధనల్లోనే, ప్రహరీ బయట ఉండి ప్రమాదానికి గురయ్యే అవకాశమున్న ప్రజలకు ఆ ప్రమాదం స్వభావం, అప్పుడు చేయవలసిన, చేయకూడని పనులు ముందే తెలపాలని ఉంది. అంటే ముప్పై ఏళ్లకు పైబడి రాతలో ఉన్న బాధ్యత అది. పరిశ్రమల భద్రతపై ఊరివారితో ఏడాదికొకసారి కూర్చుని మాట్లాడే అలవాటు ఉండి ఉంటే ప్రమాదం ఆగేదని నేను చెప్పను. గాలి ఎటు వీస్తుందో, ఎటు పరుగెత్తాలో కొందరికైనా తెలిసేది. ఇంత పెద్ద పారిశ్రామిక నగరంలో ప్రజలతో సంప్రదింపులను మర్యాద కార్యక్రమంగా చూడటం ఎంత ప్రమాదమో ఆ ఉదయం తర్వాత కూడా అర్థం కాకపోతే ఇక ఎప్పుడు అవుతుంది?

ఇక రాజ్యాంగం సంగతి. 74వ సవరణ 1993 జూన్ నుంచి అమలులో ఉంది. మూడు లక్షలు, అంతకు మించిన జనాభా ఉన్న పట్టణ సంస్థల్లో వార్డు కమిటీలు ఏర్పాటు చేయాలని 243ఎస్ అధికరణ చెబుతోంది. పది లక్షలు దాటిన మహానగర ప్రాంతాలకు ఒక ప్రణాళికా సంఘం ఉండాలనీ, అందులో కనీసం మూడింట రెండు వంతుల మంది ఎన్నికైన మున్సిపల్ సభ్యులు, పంచాయతీ అధ్యక్షుల నుంచి ఎన్నుకోబడాలనీ 243జెడ్‌ఈ అధికరణ చెబుతోంది. విశాఖ నగర జనాభా 2011 లెక్కల్లోనే పదిహేడు లక్షలు దాటింది. జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ నవీకరణ పథకం కింద మన నగరానికి కేంద్ర నిధులు వచ్చినప్పుడు, ప్రజా భాగస్వామ్య చట్టం చేయాలన్నది కూడా ఆ నిధులకు పెట్టిన షరతుల్లో ఒకటి. చట్ట సవరణలైతే జరిగాయి, వార్డులో ఒక ప్రాంతం వారంతా కూర్చుని మాట్లాడుకునే ఏరియా సభ అన్న మాట పుస్తకాల్లోకి ఎక్కింది. మీ వార్డులో ఏరియా సభ చివరిసారి ఎప్పుడు జరిగిందని మన నగరంలో ఏ వీధిలోనైనా నిలబడి అడిగి చూడండి. అలాంటిదొకటి ఉందని తెలిసినవారు దొరికితే అదే గొప్ప.

వార్డు సభల మాట అటుంచితే, కార్పొరేటర్లే లేని కాలం ఒకటి మనం గడిపాం. 2007లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2012లో ముగిసింది. తర్వాతి ఎన్నికలు 2021 మార్చిలో జరిగాయి. అయిదేళ్ల గడువు తీరేలోగా ఎన్నికలు పూర్తిచేయాలని రాజ్యాంగం చెబుతుండగా, తొమ్మిదేళ్లపాటు నగరం ప్రత్యేకాధికారుల పాలనలో సాగింది. ఆ తొమ్మిదేళ్లూ చిన్న కాలం కాదు. భీమునిపట్నం, అనకాపల్లి పట్టణాలు నగరంలో కలిసింది అప్పుడే, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడింది అప్పుడే, 2016 జనవరిలో దేశంలో తొలి ఇరవై స్మార్ట్ సిటీల జాబితాలో విశాఖ పేరు వచ్చింది కూడా అప్పుడే. స్మార్ట్ సిటీ పనులను ప్రత్యేకంగా పెట్టిన కంపెనీ బోర్డు చూసుకుంది. ఆ పనులను ప్రశ్నించడానికి ఒక్క కార్పొరేటర్ కూడా లేడు. ఈ తొమ్మిదేళ్లలో ప్రభుత్వాలు మారాయి, పార్టీలు మారాయి, కాబట్టి ఏ ఒక్కరినో నిందించడం నా ఉద్దేశం కాదు. ఎన్నికైన పాలకవర్గం లేకపోయినా నగరం బాగానే నడుస్తుందన్న భావన అధికార వర్గాల్లో అప్పుడే గట్టిపడిందని మాత్రం నా అభిప్రాయం. 2021 ఎన్నికల తర్వాత వచ్చిన కౌన్సిల్‌ కూడా ఆ భావనను చెదరగొట్టేంతగా పనిచేయలేదు. సభ్యులకు చదివే వ్యవధి ఇవ్వకుండా టేబుల్ అజెండాగా తెచ్చిన అంశాలు గోల మధ్యలో ఆమోదం పొందుతుంటే, ఓటరు తరఫున మాట్లాడవలసిన కార్పొరేటరే చివరికి ప్రేక్షకుడిగా మిగులుతాడు.

మీలో కొందరితో ఈ విషయం మాట్లాడినప్పుడు వినిపించే మాటలు నాకు తెలుసు. మాస్టర్ ప్లాన్, తీరప్రాంతంలో నిర్మాణాలను నియంత్రించే నిబంధనలు, మెట్రో మార్గం వంటివి సాంకేతిక విషయాలనీ, సామాన్యులకు అర్థం కావనీ అంటారు. అర్థమయ్యేలా చెప్పకపోవడం మీ లోపమైతే దాన్ని మా తెలివితక్కువతనంగా లెక్కగట్టడం న్యాయం కాదు. 2020 మార్చిలో కేంద్రం పర్యావరణ ప్రభావ అంచనా కొత్త ముసాయిదాను ఇంగ్లీషులోనూ హిందీలోనూ మాత్రమే విడుదల చేసింది. ప్రజాభిప్రాయ సేకరణకు ముందు ఇచ్చే ముప్పై రోజుల గడువును ఇరవైకి తగ్గించాలన్న ప్రతిపాదన ఆ ముసాయిదాలోనే ఉంది. దాన్ని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని భాషలన్నింటిలోకీ అనువదించి ప్రచురించాలని ఢిల్లీ హైకోర్టు అదే ఏడాది జూన్ 30న ఆదేశించింది. కేంద్రం దాన్ని సవాలు చేస్తూ సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఒక ముసాయిదాను తెలుగులో చదవడానికి తెలుగువాడు ఢిల్లీలో న్యాయస్థానం మీద ఆధారపడవలసి వచ్చిందంటే, అర్థం కాకపోవడం అన్న సమస్య ఎటువైపు నుంచి పుట్టిందో చూడండి. మన కార్యాలయాల్లో కూడా ముసాయిదా మ్యాపు గోడకు వేలాడుతుంది, సర్వే నంబర్లు కనబడనంత చిన్నగా ఉంటాయి, అభ్యంతర పత్రం ఇంగ్లీషులో ఉంటుంది. రెండెకరాల జిరాయితీ భూమి మీదుగా పోయే వంద అడుగుల రోడ్డు ఆ మ్యాపులో ఒక సన్నని గీత. రైతు ఆ గీతను పోల్చుకునేలోగా గడువు తీరిపోతుంది.

మరో మాట, సంప్రదింపుల వల్ల జాప్యం జరుగుతుందన్నది. ఇది తేలిగ్గా తీసిపారేయదగ్గ మాట కాదు. పెట్టుబడిదారు పక్క రాష్ట్రానికి వెళ్లిపోతాడన్న భయం నిజమైనదే. కానీ మన నగరంలో ఏళ్ల తరబడి సాగిన పనులను గుర్తు చేసుకోండి. బస్సులకు ప్రత్యేక దారి కోసం తలపెట్టిన బీఆర్‌టీఎస్ సింహాచలం మార్గం భూముల చిక్కుముడిలో ఎన్నాళ్లు ఆగిపోయిందో రోజూ ఆ దారిన వెళ్లేవారిని అడిగితే చెబుతారు. ముందు ముప్పై రోజులు మాట్లాడటానికి మిగుల్చుకోలేమన్న చోట, తర్వాత ఏళ్లకేళ్లు కోర్టుల్లో ఖర్చవుతున్నాయి. రుషికొండ విషయం ఇంకా స్పష్టం. 2021 నుంచి ఆ కొండను తవ్వి, పాత పర్యాటక రిసార్టు స్థానంలో భవనాలు కడుతుంటే, అవి దేనికో నగరవాసికి సూటిగా చెప్పినవారు లేరు. విషయం హైకోర్టుకూ, సుప్రీంకోర్టుకూ వెళ్లింది. 2024లో ప్రభుత్వం మారిన తర్వాత గానీ లోపల ఏముందో జనం చూడలేదు. ఇప్పుడు ఆ భవనాలను ఏం చేయాలన్నది మరో చర్చ. ఆ చర్చ కూడా ప్రజల ముందు జరగకపోతే గత ప్రభుత్వం చేసిన పనినే ఈ ప్రభుత్వమూ చేసినట్టవుతుంది.

మూడో మాట మీరు పైకి అనరు గానీ అసలు కారణం అదేనని నా అనుమానం. అభ్యంతరాన్ని రాతలో నమోదు చేసి, దానికి రాతలో జవాబిస్తే, ఆ కాగితం రేపు రిట్ పిటిషన్‌కు జతపడుతుంది. ఫైలు మీద సంతకం పెట్టే అధికారికి ఆ భయం సహజమే, బదిలీ అయి వెళ్లిపోయినా పాత సంతకం వెంటాడుతుంది కదా. కానీ న్యాయస్థానం ముందు నిలబడేది కారణం రాసిన నిర్ణయమే. కారణం చూపకుండా చేసిన తిరస్కరణను కొట్టివేయడం ఏ న్యాయమూర్తికైనా సులువు. జవాబు రాయడం మీకు రక్షణ అని మీ న్యాయ సలహాదారులే చెప్పగలరు.

అయిదేళ్లకొకసారి ఓటు వేసి మమ్మల్ని గెలిపించారు కదా, మళ్లీ అడగడమెందుకని నాయకులు అడుగుతారు. విశాఖ చరిత్రే దానికి జవాబు. 1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అని ముప్పై రెండు మంది ప్రాణాలు పోగొట్టుకున్నప్పుడు కూడా ఎన్నికైన ప్రభుత్వాలే ఉన్నాయి. అయినా ఉక్కు కర్మాగారం ఇక్కడికి వచ్చింది వీధిలోకి వచ్చిన జనం వల్ల. 2021 జనవరి 27న ఆ కర్మాగారంలో నూరు శాతం వాటాలు అమ్మడానికి కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఆమోదించినప్పుడు, భూములిచ్చిన నిర్వాసిత గ్రామాలకు గానీ, కార్మికులకు గానీ, రాష్ట్ర శాసనసభకు గానీ ముందు మాట లేదు. శాసనసభ తీర్మానం ఆ తర్వాత వచ్చింది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించినప్పుడూ, అది మంచి వార్తే అయినా, నగరం దాన్ని టీవీలోనే తెలుసుకుంది. అమ్మకం గానీ ఆదుకోవడం గానీ, రెండు సందర్భాల్లోనూ మనం వార్త వినేవాళ్లమే.

ప్రజలను అడిగితే పని చెడుతుందన్న భావనకు విరుద్ధమైన ఉదాహరణలు మనకు దగ్గరలోనే ఉన్నాయి. స్థానిక పాలనపై బల్వంతరాయ్ మెహతా కమిటీ 1957లో ఇచ్చిన సిఫార్సుల తర్వాత, రాజస్థాన్ వెనువెంటనే 1959లో పంచాయతీ రాజ్‌ను ప్రారంభించిన రాష్ట్రం మనదే. 1996లో కేరళ ప్రణాళికా నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థలకు ఇచ్చి, గ్రామసభల్లో కూర్చోబెట్టి ప్రణాళికలు రాయించింది. పుణె నగరపాలక సంస్థ 2006 నుంచి పౌరులు సూచించిన పనులను వార్షిక బడ్జెట్‌లో చేర్చే పద్ధతిని పెట్టుకుంది. మన సరిహద్దుకు అవతల, ఒడిశాలోని నియమగిరిలో బాక్సైట్ తవ్వకం విషయం గ్రామసభలు తేల్చాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పినప్పుడు, ఆ ఏడాది జరిగిన పన్నెండు సభలూ తవ్వకం వద్దన్నాయి. వద్దనే అవకాశం కూడా లేని సంప్రదింపును సంప్రదింపు అనడంలో అర్థం లేదు. మన ఉమ్మడి జిల్లా అడవుల్లోనూ బాక్సైట్ కథ ఉంది. గిరిజన ప్రాంత భూములను ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదన్న 1997 నాటి సమత తీర్పు పుట్టింది అప్పటి విశాఖ జిల్లాలోని బొర్రా ప్రాంత గిరిజన గ్రామాల పోరాటంలోంచే. ఆ తీర్పుకు కారణమైన జిల్లా అని గర్వంగా చెప్పుకుంటూ, పట్టణంలో మాత్రం పౌరుడికి వద్దనే హక్కు అక్కర్లేదనుకోవడం నాకు వింతగా ఉంటుంది.

చట్టాలు కూడా మా వైపు పూర్తిగా లేవని తెలుసు. 2006 నోటిఫికేషన్ ప్రకారం భవన నిర్మాణాలకు, టౌన్‌షిప్పులకు ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేదు. 2013 భూసేకరణ చట్టంలో సామాజిక ప్రభావ అంచనా తప్పనిసరి అన్నప్పటికీ, కొన్ని రకాల ప్రాజెక్టులకు దాన్నుంచి మినహాయింపు ఇచ్చుకునేలా 2018లో మన రాష్ట్రం సవరణ చేసుకుంది. చట్టం వద్దన్నంత మాత్రాన అడగకూడదని లేదు. చట్టం కోరిన కనీస మర్యాదను గరిష్ఠ మర్యాదగా తీసుకునే అలవాటే ఇక్కడ అసలు జబ్బు.

మా వైపు లోపాలను దాచను. ఇలాంటి సభలకు వచ్చేవారిలో పదవీ విరమణ చేసిన ఉద్యోగులు, సొంత ఇళ్ల సంక్షేమ సంఘాలవారు ఎక్కువ; ఆరిలోవ కొండవాలు ఇళ్లవారు, పూర్ణా మార్కెట్ హమాలీలు, జాలరిపేట మహిళలు తక్కువ. బుధవారం ఉదయం పదకొండు గంటలకు సభ పెడితే కూలి పోగొట్టుకుని ఎవరొస్తారు? వచ్చిన కొందరు పార్టీ జెండా జేబులో పెట్టుకుని వస్తారన్నదీ నిజమే. దానికి విరుగుడు సభలు మానేయడం కాదు, వాటిని ఆదివారం సాయంత్రం, జనం ఉండే వీధిలో పెట్టడం. ప్రతి నాలుగు వేల జనాభాకు ఒకటన్న లెక్కతో 2019లో వచ్చిన వార్డు సచివాలయాలు మన నగరంలో అయిదు వందలకు పైగా ఉన్నాయి. వాటిలో ప్లానింగ్ కార్యదర్శులున్నారు. ఇళ్ల ప్లాన్లు, అక్రమ కట్టడాలు చూసే ఆ ఉద్యోగి, తన పరిధిలో పడే మాస్టర్ ప్లాన్ మ్యాపును పెద్దగా ముద్రించి, వీధుల పేర్లు తెలుగులో రాసి, అక్కడికి వచ్చినవారికి చూపించడానికి కొత్త బడ్జెట్టేమీ అక్కర్లేదు.

ఇప్పుడు ఈ నగరం ముందున్న నిర్ణయాలు చిన్నవి కావు. 46.23 కిలోమీటర్ల మెట్రో తొలి దశకు మూడు మార్గాలు గీశారు. జాతీయ రహదారి వెంట డబుల్ డెక్కర్ నిర్మాణం ఉంటుందంటున్నారు. 2041 మాస్టర్ ప్లాన్‌ను మళ్లీ సవరించే పని నడుస్తోంది. 2025 అక్టోబరులో ప్రకటించిన గిగావాట్ స్థాయి డేటా కేంద్రానికి ఎంత కరెంటు, ఎంత నీరు కావాలో ప్రజలు అడుగుతున్నారు. ఏలేరు కాలువ, రైవాడ, తాటిపూడి, మేహాద్రిగెడ్డ, ముడసర్లోవల నీటి మీద బతుకుతున్న నగరానికి, ఎండాకాలంలో కొళాయి ఎన్ని నిమిషాలు వస్తుందో లెక్కపెట్టుకునే ఇళ్లకు, ఇది అడగదగిన ప్రశ్నే. ఇది అభివృద్ధి వ్యతిరేకత కాదు. పాత పట్టణంలో కోటవీధి వైపు ఇళ్లలో బాల్కనీ తుడిస్తే గుడ్డకు అంటే బొగ్గు ధూళి, ఓడరేవు వద్దని ఎవరి చేతా అనిపించలేదు. ధూళి ఆపమని మాత్రమే అనిపించింది. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో విశాఖ పేరుండటం ఆ అభ్యర్థన నిజమైనదేనని చెప్పింది.

కాబట్టి నా విన్నపం ఇది. వచ్చే కౌన్సిల్ సమావేశంలో ఒక తీర్మానం చేయండి. నగరపాలక సంస్థ గానీ, మహానగర అభివృద్ధి సంస్థ గానీ విడుదల చేసే ప్రతి ముసాయిదా తెలుగు సారాంశంతో కనీసం ముప్పై రోజులు వార్డు సచివాలయంలో ఉండాలి. వచ్చిన ప్రతి అభ్యంతరానికీ సోమవారం అర్జీకి ఇచ్చినట్టే నంబరు ఇవ్వాలి. తుది నిర్ణయం సంతకానికి వెళ్లే ముందు ప్రతి నంబరుకూ ఎదురుగా ఆమోదం లేదా తిరస్కారం, దాని కారణం రాసిన పట్టిక ప్రకటించాలి. చట్ట ముసాయిదాల విషయంలో కేంద్ర ప్రభుత్వం 2014లోనే ముప్పై రోజుల గడువు, వచ్చిన అభిప్రాయాల సారాంశం ప్రకటించాలన్న విధానం పెట్టుకుంది, దాన్ని ఎంత పాటిస్తున్నారన్నది వేరే సంగతి. ఈ తీర్మానానికి రాష్ట్ర ప్రభుత్వ అనుమతి కావాలంటే అడగండి. ఎమ్మెల్యేలూ ఎంపీ గారూ ఆ పని చేయించగలరు. మాస్టర్ ప్లాన్ సవరణ నుంచే మొదలుపెడితే బాగుంటుంది, ఎందుకంటే దాని మీద అభ్యంతరాలు ఇచ్చిన కుటుంబాలు ఇప్పటికే వేచి ఉన్నాయి.

ఈ లేఖ ప్రతిని నగరపాలక సంస్థ కమిషనర్ కార్యాలయంలోనూ, మహానగర అభివృద్ధి సంస్థ కార్యాలయంలోనూ ఇస్తున్నాను. మీరు తీర్మానం చేయలేమనుకుంటే, ఎందుకు చేయలేరో రాతపూర్వకంగా తెలపగలరని కోరుతున్నాను.

ఇట్లు,
మర్రిపాలెం నివాసి అయిన ఒక ఓటరు,
విశాఖపట్నం.